37 లీటర్ల ట్యాంకులో 38.6 లీటర్లు ఎలా పట్టాయి? ఫ్యూయల్ మీటర్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

ఖమ్మం_లెక్చరర్

అందరికీ నమస్కారం. కార్ల గురించి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నాను. నాది అయిదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ట్యాంక్ కెపాసిటీ 37 లీటర్లని మాన్యువల్‌లో ఉంది. ఇల్లు ఖమ్మంలో, ఉద్యోగం సత్తుపల్లిలో. వైరా, తల్లాడ, కల్లూరు మీదుగా తరచూ తిరిగే దారే కాబట్టి ఎంత పెట్రోలు పడుతుందో నాకు బాగానే అంచనా ఉంది.

మొన్న శుక్రవారం సాయంత్రం తిరిగి వస్తున్నాను. రిజర్వ్ లైటు ముందు రోజు నుంచే వెలుగుతోంది. కల్లూరు దాటాక, ఇంకా ఎన్ని కిలోమీటర్లు వస్తుందో చూపించే చోట అంకె పోయి చిన్న డ్యాష్‌లు వచ్చాయి. టెన్షన్ పడుతూ కనిపించిన బంకులోకి తిప్పి ఫుల్ ట్యాంక్ చేయమన్నాను. కాసేపటికి నాజిల్ టక్కున ఆగింది. ఆ అబ్బాయి మళ్లీ నొక్కాడు, మళ్లీ ఆగింది. అలా ఆగుతూ కొడుతూ 4,150 రూపాయల దగ్గర ఆపాడు. బిల్లులో 38.6 లీటర్లు! కారు దిగి పక్కనే నిలబడ్డాను, సున్నా కూడా చూశాను. ఇంకా కొంచెమైనా పెట్రోలు మిగిలి ఉన్న 37 లీటర్ల ట్యాంకులో 38.6 ఎలా పడుతుంది? అడిగితే "మిషన్ ఎంత చూపిస్తే అంతే మేడం" అన్నాడు.

రెండోది మీటర్ సంగతి. మా కారులో ఎనిమిది గీతలుంటాయి. ఫుల్ చేయించాక ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లినా మొదటి గీత కదలదు. సగానికి వచ్చాక మాత్రం ఒక్కో గీత గబగబా పడిపోతుంది. మీటర్ పాడైందా, లేక అన్ని కార్లూ ఇంతేనా?

మా ఆయనేమో తెల్లవారుజామునే కొట్టించాలంటారు. స్టాఫ్ రూములో 500, 1000 అని కొట్టించొద్దు, 510, 1020 అని చెప్పాలంటారు. ఇందులో ఏది నిజమో తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి, ప్లీజ్.

ఆటోనగర్_మీటర్‌పని

అమ్మా, బంకు మీద అనుమానం కాసేపు పక్కన పెట్టండి. దాన్ని తేల్చుకునే పద్ధతి వేరే ఉంది, బంకుల్లో చేసినవాళ్లు ఎవరైనా చెబుతారు. ట్యాంకు, మీటర్ సంగతి నేను చెబుతాను. విజయవాడ ఆటోనగర్‌లో మీటర్ బోర్డులు, ట్యాంక్ యూనిట్లు (ట్యాంకు లోపల ఉండి పెట్రోలు మట్టం చెప్పే భాగాలు) రిపేరు చేయడమే నా పని.

మాన్యువల్‌లో 37 అని రాసినది మూతి దాకా పోస్తే పట్టే కొలత అనుకోకండి. దానిపైన కంపెనీ కావాలనే కొంత ఖాళీ వదులుతుంది. పెట్రోలు వేడికి పెరుగుతుంది. పది డిగ్రీలు వేడెక్కితే సుమారుగా ఒక శాతం, అంటే 40 లీటర్ల మీద 400 మిల్లీలీటర్లు. బంకులో పెట్రోలు భూమి లోపల ట్యాంకులో ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో బయటికంటే చల్లగా ఉంటుంది. దాన్ని నిండా పోయించుకుని వెళ్లి, మే నెల ఖమ్మం ఎండలో కాలేజీ ఆవరణలో కారు పెడితే ఆ పెరిగిన పెట్రోలు ఎక్కడికి పోవాలి? ఆ ఖాళీ ఉన్నది అందుకే. మూత దగ్గర నుంచి ట్యాంకు దాకా వెళ్లే లావు గొట్టంలో కూడా కొంత పడుతుంది. నాజిల్ మొదటిసారి ఆగాక ఆ అబ్బాయి కొట్టినదంతా ఆ ఖాళీలోకి, ఆ గొట్టంలోకి వెళ్లింది. మీ ట్యాంకు అప్పటికి దాదాపు అడుగంటింది. కాబట్టి 38.6 పట్టడం జరిగే పనే. ఆ ఒక్క బిల్లు పట్టుకుని మోసం జరిగిందనీ చెప్పలేం, జరగలేదనీ చెప్పలేం.

ఇక మీటర్. మీ వెనక సీటు ఎత్తితే కింద ఒక మూత ఉంటుంది. దాని కింద ట్యాంకు మూతి, అందులో పెట్రోల్ పంపు. ఆ పంపు పక్కనే ఒక సన్నని కమ్మీ, కమ్మీ చివర నల్లటి తేలే ముక్క ఉంటాయి. ఆ ముక్కను మేము ఫ్లోట్ అంటాం. పెట్రోలు పైకి లేస్తే అదీ లేస్తుంది, దిగితే దిగుతుంది. కమ్మీ రెండో చివర చిన్న స్ట్రిప్ మీద రాసుకుంటూ తిరుగుతుంది. ఎక్కడ ఆనుకుందన్న దాన్ని బట్టి కరెంటుకు అడ్డు పెరుగుతుంది, తగ్గుతుంది. మీటర్ బోర్డుకు అందే సమాచారం అంతే. ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయో దానికి తెలియదు, ఫ్లోట్ ఏ ఎత్తులో ఉందో మాత్రమే తెలుసు.

ట్యాంకు చతురస్రంగా ఉంటే ఎత్తును బట్టి లీటర్లు చెప్పడం తేలిక. కానీ ఇప్పటి ప్లాస్టిక్ ట్యాంకును వెనక సీటు కింద, సైలెన్సర్ గొట్టాన్ని తప్పించి, యాక్సిల్‌కు తగలకుండా వంకరలు పెట్టి పోత పోస్తారు. బిందెలో నీళ్లు తోడుతుంటే కడుపు దగ్గర మెల్లగా, అడుగుకు వచ్చేసరికి తొందరగా దిగినట్టే ఇక్కడా జరుగుతుంది. పైగా ఫ్లోట్ పైకి వెళ్లేది ఒక హద్దు వరకే. ఆ పైన మీరు ఇంకో నాలుగైదు లీటర్లు పోసినా అది కదలదు. ఆ పైన ఉన్నది ఖర్చయ్యేదాకా మీటర్ ఫుల్ అనే చూపిస్తుంది. మీరు గొంతు దాకా పోయిస్తున్నారు కాబట్టే సత్తుపల్లి వెళ్లినా మొదటి గీత కదలడం లేదు. మీ మీటర్ బాగానే ఉంది.

పాడైన మీటర్ ఎలా ఉంటుందంటే, సగం దగ్గర ఉన్న ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడి మళ్లీ లేస్తుంది. డిజిటల్ అయితే గీతలన్నీ మాయమై మళ్లీ వస్తాయి. నా దగ్గరికి అలాంటి యూనిట్ వస్తే బల్ల మీద పెట్టి, మల్టీమీటర్ తగిలించి, ఫ్లోట్‌ను వేలితో అడుగు నుంచి పైదాకా చాలా మెల్లగా లేపుతాను. రీడింగ్ ఎక్కడా తెగకుండా మారుతూ పోవాలి. స్ట్రిప్ అరిగిపోయిన చోట మాత్రం తెగుతుంది. భూతద్దంలో చూస్తే ఆ స్ట్రిప్ మీద దారి పడినట్టు మెరుస్తుంటుంది. ఎక్కువగా ఆ అరుగుదల స్ట్రిప్ కింది భాగంలోనే చూస్తుంటాను, ఎందుకంటే మనవాళ్ల కార్లలో పెట్రోలు ఎప్పుడూ అడుగునే ఉంటుంది.

ఇంకొకటి. మీటర్ బోర్డు ఫ్లోట్ చెప్పిన ప్రతిదాన్నీ వెంటనే చూపించదు. మలుపుల్లో, గుంతల్లో పెట్రోలు అటూ ఇటూ ఊగినప్పుడల్లా ముల్లు ఊగకూడదని కొంతసేపటి సగటు తీసి చూపిస్తుంది. అందుకే ఇంజిన్ మాత్రమే ఆపి తాళం ఆన్‌లోనే ఉంచి కొట్టిస్తే కొన్ని కార్లలో మీటర్ వెంటనే పైకి రాదు. దాంతో గొడవలు కూడా అవుతుంటాయి. తాళం పూర్తిగా తీసేసి కొట్టించండి. ఎలాగూ భద్రతకు అదే పద్ధతి. ఏటవాలు నేల మీద మీటర్ చూసి నిర్ణయానికి రాకండి.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది. నాజిల్ మొదటిసారి ఆగాక ఇక కొట్టించవద్దు. దీని గురించి నేను రోజూ నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ చెబుతాను. నాజిల్ కొసన ఒక చిన్న రంధ్రం ఉంటుంది, చూడండి. పెట్రోలు పోస్తున్నంతసేపూ దానిలోంచి గాలి లోపలికి లాగుతుంటుంది. పెట్రోలు ఆ రంధ్రం దాకా వచ్చి గాలిని మూసేస్తే లోపలి పట్టు విడిపోయి టక్కున ఆగిపోతుంది. దాన్ని బలవంతంగా మళ్లీ మళ్లీ నొక్కితే పెట్రోలు ఆవిరి గొట్టంలోకి ఎక్కుతుంది. ఆ గొట్టం చివర కానిస్టర్ అని ఒక డబ్బా ఉంటుంది, నిండా బొగ్గు గుళికలు. ట్యాంకులోని ఆవిరిని పట్టి ఉంచి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు దానికి అందించడం దాని పని. ఆవిరికే తప్ప పెట్రోలుకు తట్టుకోదు. తడిసిందంటే ఫుల్ చేయించిన వెంటనే బండి తొందరగా స్టార్ట్ కాదు, పెట్రోలు వాసన వస్తుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. మార్చాలంటే ఖర్చు వేలల్లో ఉంటుంది. బిల్లు రౌండ్ చేయడానికి కొట్టే ఆ పాతిక, యాభై రూపాయల పెట్రోలు కోసం ఇదంతా ఎందుకు?

ఒక్కోసారి నురగ వచ్చి పది లీటర్లకే ఆగిపోతుంది. అప్పుడు కొంచెం ఆగి, నాజిల్ సరిగ్గా పెట్టి, మెల్లగా కొట్టమనండి. అందులో తప్పు లేదు.

సూర్యాపేట_బంక్‌మేనేజర్

మేడం గారూ, నేను హైదరాబాద్–విజయవాడ హైవే మీద బంకులో మేనేజర్‌గా చేశాను. బంకు సంగతి నేను చెబుతాను.

అనుమానం వస్తే బిల్లు చూసి బాధపడకండి, "అయిదు లీటర్ల కొలత చూపించండి" అని అడగండి. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న అయిదు లీటర్ల పాత్ర ఉండాలి. సన్నని మెడ, మెడ మీద గీతలు ఉంటాయి. కస్టమర్ అడిగితే కొలిచి చూపించాలి, అది మీ హక్కు. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా అటూ ఇటూ తేడా ఒప్పుకుంటారు. అంతకు మించి తక్కువ వస్తే ఆ నాజిల్ అమ్మకం ఆపాల్సిందే.

కొలిచేటప్పుడు మూడు విషయాలు గమనించండి. పాత్రను ఒకసారి పెట్రోలుతో నింపి, పూర్తిగా వంచేసి, ఆ తర్వాతే కొలవాలి. పొడి పాత్రలో కొలిస్తే గోడలకు అంటుకున్నది లెక్కలో పోతుంది. పాత్ర చదునైన నేల మీద ఉండాలి. మీ కారుకు కొట్టిన అదే నాజిల్‌తో కొలవాలి, పక్కదానితో కాదు.

మిషన్‌లో చిప్‌లు పెట్టి తక్కువ పోసే ముఠాలు లేవని నేను అనను. 2020లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న కేసు అందరికీ తెలిసిందే. అలాంటివి మామూలుగా నిలబడి చూస్తే దొరకవు, కొలిచి చూస్తేనే తెలుస్తుంది. అందుకే కొలత అడిగే కస్టమర్లు పెరగాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. నిజాయితీగా నడిపే బంకుకు దానివల్ల నష్టమేమీ లేదు.

510, 1020 సంగతి. మిషన్ లోపల పెట్రోలు ఎంత వెళ్లిందో కొలిచేది ఒక మీటర్. మీరు ఏ అంకె చెప్పినా కొలిచేది అదే. మోసం చేయదలుచుకున్నవాడికి 500 అయినా 510 అయినా ఒకటే. తెల్లవారుజాము సంగతీ అంతే. భూమిలోపల ట్యాంకులో పెట్రోలు వేడి పొద్దున్నకూ మధ్యాహ్నానికీ పెద్దగా మారదు. మీ నిద్ర పాడుచేసుకునేంత లాభం అందులో లేదు.

ట్యాంకర్ దింపుతున్నప్పుడు మాత్రం ఆగడం మంచిదే. ఆ సమయంలో ఆ ట్యాంకుకు కలిసిన నాజిల్స్ ఆపి ఉంచాలి. ఇంకో విషయం, వానాకాలంలో కొంచెం జాగ్రత్త. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ నీటిని పట్టేస్తుంది. భూమిలోని ట్యాంకులోకి నీరు దిగితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు చేరతాయి. అందుకే మేము డిప్ రాడ్ చివర నీటిని గుర్తించే పేస్టు రాసి ట్యాంకు అడుగు దాకా దించి చూస్తాం. నీరు తగిలితే దాని రంగు మారుతుంది. ముంపులో చిక్కుకున్న బంకు అయితే రెండు మూడు రోజులు వేరే చోట కొట్టించుకోండి. మున్నేరు వరద చూసిన ఊరు మీది, మీకు చెప్పక్కర్లేదు.

పెట్రోలు డెన్సిటీ (సాంద్రత) ఎంతో మిషన్ దగ్గరే రాసి ఉంటుంది. కల్తీ అనుమానం ఉంటే ఫిల్టర్ పేపర్ అడగండి. ఒక చుక్క వేస్తే మరక లేకుండా ఆరిపోవాలి.

ఉప్పల్_క్యాబ్

మేడం, ఒక్క మాట చెప్తా. డ్యాష్‌లు వచ్చేదాకా నడపకండి. పంపు ట్యాంకు లోపలే ఉంటుందని ఆటోనగర్ అన్న చెప్పారు కదా. ఆ పంపును చల్లగా ఉంచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ రిజర్వ్‌లోనే తిప్పితే పంపు వేడెక్కి తొందరగా పోతుంది. మా స్టాండులో రోజుకు రెండు వందలు, మూడు వందలు కొట్టించుకుని నడిపే కార్లకే పంపు ముందు పోతుంది, నేను చూస్తూనే ఉన్నా. ఒకాయన కారు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆగిపోతే టోయింగ్‌కు, పంపుకు కలిపి వారం సంపాదన పోయింది.

నేను పావు వంతుకు రాగానే కొట్టిస్తా. శ్రీశైలం ట్రిప్ పడితే అచ్చంపేట దాటకముందే నింపుకుంటా. మన్ననూరు తర్వాత అడవి, ఘాట్. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు వేసేస్తారు, సెల్ సిగ్నల్ కూడా సరిగ్గా ఉండదు. ఎక్కుడులో పెట్రోలు వెనక్కి జరిగితే రిజర్వ్ లైటు ఉత్తపుణ్యానికి వెలుగుతుంది, ఆరుతుంది. ప్యాసింజర్లు భయపడిపోతారు. ట్యాంకులో సగం ఉంటే ఆ బాధే లేదు.

ఖమ్మం_లెక్చరర్

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. ఈ రోజు మధ్యాహ్నం అదే బంకుకు వెళ్లి అయిదు లీటర్ల కొలత అడిగాను. ముందు "ఇప్పుడు రద్దీగా ఉంది మేడం" అన్నారు. పక్కకు పెట్టి ఆగుతానన్నాను. తర్వాత మేనేజర్ వచ్చి పాత్ర తెచ్చారు. ముద్ర ఉంది. ఒకసారి నింపి వంచమంటే నా వైపు కొంచెం ఆశ్చర్యంగా చూసి, అలాగే చేశారు. పెట్రోలు గీతకు కాస్త కిందికి వచ్చింది, పది పదిహేను మిల్లీలీటర్లు ఉంటుందేమో. అంటే హద్దులోనే ఉంది. నా అనుమానం తీరింది. నా వెనక బైకు మీద వచ్చిన ఒకాయన కూడా ఆగి మొత్తం చూసి, ఇలా అడగొచ్చని తనకు తెలియదన్నారు.

ఆటోనగర్ గారికి ఇంకో రెండు ప్రశ్నలు. ఆ రోజు ఫుల్ చేయించాక రెండు రోజులు వెనక సీటు వైపు పెట్రోలు వాసన వచ్చింది, ఇప్పుడు తగ్గింది. కానిస్టర్ పోయిందా? రెండోది, ఇంకా ఎన్ని కిలోమీటర్లు వస్తుందో చూపించే అంకె సత్తుపల్లి నుంచి బయలుదేరేటప్పుడు ఒకలా ఉండి, ఖమ్మం ఊళ్లోకి రాగానే ఒక్కసారిగా ఎందుకు తగ్గిపోతుంది?

ఆటోనగర్_మీటర్‌పని

కొలిపించుకుని మంచి పని చేశారమ్మా. అందరూ అలా అడిగితే చాలా బాగుండు.

వాసన తగ్గింది, చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు అంటే కానిస్టర్ ఆరిపోయి ఉంటుంది. ఇప్పుడే మార్పించకండి. ఇకనుంచి మొదటిసారి నాజిల్ ఆగగానే ఆపించండి. "కట్ అయ్యాక వద్దు" అని కొట్టించే ముందే చెప్పండి, కొట్టడం మొదలయ్యాక చెబితే వాళ్లకు చెవికెక్కదు. ట్యాంకు సగానికి దిగాక కూడా వాసన వస్తుంటే మాత్రం ఆలస్యం చేయకండి. వెనక సీటు కింద ఉన్న మూత తీయించి, ట్యాంక్ యూనిట్ చుట్టూ ఉండే రబ్బరు రింగు చూడమనండి. ఎవరైనా పంపు కోసం ఒకసారి విప్పి పాత రింగునే మళ్లీ వేసి ఉంటే అక్కడి నుంచి ఆవిరి కారుతుంది. మూత దగ్గర నుంచి వచ్చే గొట్టానికి క్లిప్పులు బిగుతుగా ఉన్నాయో లేదో కూడా చూడాలి.

ఆ కిలోమీటర్ల అంకె ఒక అంచనా. ఈమధ్య మీ కారు ఎంత మైలేజీ ఇచ్చిందో చూసి, ఫ్లోట్ చెప్పిన పెట్రోలుతో లెక్క కట్టి చూపిస్తుంది. తల్లాడ, వైరా మధ్య ఖాళీ రోడ్డు మీద వచ్చేటప్పుడు మైలేజీ బాగుంటుంది, అంకె నిలబడుతుంది. ఊళ్లో ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని ఆగుతూ వస్తే సగటు పడిపోతుంది, అంకె కూడా గబుక్కున పడుతుంది. అంచనా మీద అంచనా కాబట్టి అడుగంటినప్పుడు దాన్ని అస్సలు నమ్మకూడదు. కార్లు ఆ సమయంలో అంకె తీసేసి డ్యాష్‌లు చూపించేది అందుకే.

మీకు నిజమైన మైలేజీ తెలియాలంటే ఇలా చేయండి. మొదటి కట్ దాకా ఫుల్ చేయించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. సగం ట్యాంకు ఖర్చయ్యేదాకా తిరగండి. వీలైతే అదే బంకు, అదే మిషన్, కారు అదే చోట నిలబెట్టి మళ్లీ మొదటి కట్ దాకా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లను ఈ రెండో బిల్లులోని లీటర్లతో భాగించండి. ఒక్కసారి కట్ అటూ ఇటూ అయినా తేడా వస్తుంది కాబట్టి వరసగా మూడు నాలుగు ట్యాంకులు చూసి సగటు తీయండి. పాత మైలేజీతో పోలిస్తే కొంచెం తక్కువ రావచ్చు, కంగారు పడకండి. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ఆ ప్రభావం బండిలో కనబడుతుంది.

ఆ బిల్లులు దాచుకోండి. రెండు నెలల తర్వాత మీటర్ మీద మళ్లీ అనుమానం వస్తే, ఏ గీత దగ్గర కొట్టిస్తే ఎన్ని లీటర్లు పట్టిందో ఇక్కడ రాయండి. ఆ లెక్క చూసి, యూనిట్ విప్పాల్సిన అవసరం ఉందో లేదో చెబుతాను.